ఈఎంఐ తీరేదాకా మనసు ఆగాలా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. కడపలో ఉంటాం. ఒక హోల్‌సేల్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర 14 ఏళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. మా నాన్న రాయచోటి దగ్గర పల్లెలో వేరుశనగ రైతు. లెక్కల్లో మార్కులు బాగా వస్తున్నాయని నన్ను బీకాం చదివించారు. కూతురికి నెల జీతం వస్తోందని ఇప్పటికీ ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు. మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు, డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఎదుగుదల, నేర్చుకోవడం నెమ్మదిగా ఉంటాయి. అక్కవాళ్లది మా వీధే కాబట్టి సాయంత్రాలు వాడితో కూర్చుంటాను. పోయిన వేసవిలో వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పాను. పాత చొక్కాకు పెద్ద గుండీలు కుట్టి, నేనే గుండీని సగం దూర్చి, మిగతా సగం వాడి చేత లాగించేదాన్ని. నెలన్నర పట్టింది. మొదటిసారి ఐదు గుండీలూ వాడే పెట్టుకున్న రోజు నుంచి, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఈడీ చేసి అలాంటి పిల్లలకు టీచర్‌గా వెళ్లాలని ఒకటే ఆలోచన. ఇక్కడ ఆఫీసులో మేనేజర్ అందరి ముందూ అరుస్తాడు. జీఎస్టీ రిటర్న్ వేసే 20వ తేదీ దగ్గర పడితే నిద్ర పట్టదు. నా జీతం 26 వేలు, ఇంటి లోను ఈఎంఐ 14 వేలు, ఇంకా ఆరేళ్లు కట్టాలి. మా ఆయనకు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. ఆయన అవుననరు, కాదనరు. అత్తమ్మ ‘మొగుడూ పిల్లలూ బాగున్నారు, ఇంకేం తక్కువైంది నీకు’ అంటుంది. నాన్న ‘నెల జీతం ఎవరన్నా వదులుకుంటారా తల్లీ’ అన్నారు. ఈమధ్య ఆఫీసులో ట్రైనింగ్ పెట్టి ఒకాయన బోర్డు మీద మాస్లో త్రికోణం వేశాడు. కింది అవసరాలన్నీ తీరాకే మనిషి పైకి పోతాడన్నాడు. అంటే ఈఎంఐ ఉన్న నాలాంటిదానికి ఇలాంటి కోరిక రాకూడదా? ఇది స్వార్థమా? ఉద్యోగం మానేయాలా, వద్దా?

జవాబు: అమ్మా, ముందు ఆ త్రికోణం సంగతి తేల్చుకుందాం. మీ ప్రశ్నలో సగం బరువు దాని మీదే ఉంది.

అబ్రహాం మాస్లో అనే అమెరికన్ మనస్తత్వవేత్త మనిషి అవసరాల గురించి 1943లో ఒక వ్యాసం రాశాడు. తిండీ నిద్రా, భద్రత, ప్రేమాభిమానాలు, గౌరవం, చివరగా తనలో ఉన్న శక్తిని పూర్తిగా వాడుకోవాలనే తపన అని వరస చెప్పాడు. అందులో త్రికోణం లేదు. అది తర్వాత మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పేవాళ్లు గీసిన బొమ్మ. బొమ్మ చూస్తే, కింది గడి నిండితే తప్ప పైగడిలోకి పోలేమనే అనిపిస్తుంది. మాస్లో మాత్రం ఆ వ్యాసంలోనే ఈ అపార్థాన్ని ముందుగా కొట్టేశాడు. ఒక అవసరం నూటికి నూరు పాళ్లూ తీరాకే రెండోది తలెత్తుతుందని అనుకోవద్దని రాసి, కొన్ని అంకెలు వేసి చూపించాడు. మామూలు మనిషికి తిండి వంటి అవసరాలు 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, గౌరవం 40, తన శక్తిని వాడుకోవాలన్న తపన 10 శాతం తీరి ఉంటాయనుకోండి అన్నాడు. ఇవి కొలిచి తెచ్చిన అంకెలు కావు, విషయం అర్థం కావడానికి ఆయన ఊహించి వేసినవి. లెక్కలు చూసే మనిషి కాబట్టి మీకు వెంటనే అర్థమవుతుంది: ఏ ఖాతా పూర్తిగా ముగియదు, అన్ని ఖాతాల్లోనూ ఒకేసారి కొంత జమ, కొంత బాకీ నడుస్తూ ఉంటాయి. ఆ తర్వాత పరిశోధకులు కూడా మనుషులు నిజంగా ఇలా వరసగా ఎక్కుతూ పోతారా అని చూశారు. అప్పటివరకు జరిగిన పరిశోధనల మీద 1976లో వచ్చిన ఒక సమీక్షలో దానికి గట్టి ఆధారమేమీ తేలలేదు.

కాబట్టి ఈఎంఐ ఉన్నంత మాత్రాన మీకు ఇలాంటి కోరిక రాకూడదని ఎక్కడా లేదు. వచ్చింది కాబట్టి ఈఎంఐని మర్చిపోవచ్చనీ లేదు. భద్రత కూడా మాస్లో చెప్పిన అవసరమే. దాని గురించి చివర్లో మాట్లాడతాను.

మాస్లోతోపాటు కార్ల్ రోజర్స్ లాంటివాళ్లు 1950లు, 60లలో నిలబెట్టిన ఆలోచనా ధోరణిని మానవతావాద మనస్తత్వశాస్త్రం అంటారు. అప్పటికి ఆ రంగంలో రెండు పెద్ద దారులుండేవి. మనిషిని లోపల అణచుకున్న కోరికలు నడిపిస్తాయని ఫ్రాయిడ్ వైపు వాళ్లు అనేవారు. బహుమతులూ శిక్షలే నడిపిస్తాయని ప్రవర్తనావాదులు అనేవారు. ఈ రెండూ చాలవని వీళ్లు అన్నారు. ఎదగాలనే తపన మనిషిలో పుట్టుకతోనే ఉంటుంది, ఎంచుకునే శక్తీ ఉంటుంది, చేసే పనిలో తనకో అర్థం కనిపించాలని వెతుక్కుంటాడు అన్నది వీళ్ల నమ్మకం. మంచి జీతం, మంచి పేరు ఉన్నవాళ్లు కూడా నడివయసులో వృత్తి ఎందుకు మారతారని అడిగితే మిగతా రెండు దారుల కన్నా వీళ్ల దగ్గరే నాకు నమ్మదగిన జవాబు దొరికింది.

ఆ జవాబు వాళ్ల సొంత బతుకుల్లోనూ ఉంది. మాస్లో తండ్రి కోరిక మీద లా చదవడం మొదలుపెట్టి త్వరలోనే మానేశాడు. రోజర్స్ కథ ఇంకా మలుపులు తిరిగింది. 1919లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఆయన చేరింది వ్యవసాయం చదవడానికి. అవును, మీ నాన్నగారి వృత్తే. తర్వాత చరిత్రకు మారాడు. 1922లో క్రైస్తవ విద్యార్థుల సమావేశానికి చైనా వెళ్లి నెలల తరబడి ఉన్నాడు. అక్కడ రకరకాల నమ్మకాలున్న మంచివాళ్లను చూశాక ఇంట్లో నేర్చుకున్న మతం సడలింది. అయినా 1924లో న్యూయార్క్‌లో మతబోధకుల కాలేజీలో చేరాడు. అక్కడ విద్యార్థులు కొందరు కలిసి, పాఠం చెప్పే గురువు లేకుండా, మా ప్రశ్నలే మాకు పాఠ్యాంశాలుగా ఒక క్లాసు పెట్టుకుంటామని అడిగి ఒప్పించుకున్నారు. ఆ క్లాసులో తమ ప్రశ్నలను తామే తవ్వుకుంటూ పోయి చాలామంది మతబోధన దారి వదిలేశారు. రోజర్స్ వాళ్లలో ఒకడు. ఫలానాది నమ్మితేనే ఉద్యోగం అనే షరతు ఉన్న చోట తాను పని చేయలేనని తేల్చుకుని, రోడ్డుకు అటువైపే ఉన్న టీచర్స్ కాలేజీకి వెళ్లి మనస్తత్వశాస్త్రంలో పడ్డాడు. ఆ తర్వాత పన్నెండేళ్లు రోచెస్టర్ అనే ఊళ్లో కష్టాల్లో ఉన్న పిల్లలతో పని చేశాడు. ఆయన సిద్ధాంతానికి పునాది ఆ ఏళ్లలో పడింది.

ఆయన చెప్పిన వాటిలో మీకు పనికొచ్చేది ఒకటుంది. చిన్నపిల్లలకు ప్రేమ అన్నం ఎంతో అంత అవసరం. పెద్దవాళ్లు ఆ ప్రేమను తెలిసో తెలియకో కొన్ని షరతుల మీద ఇస్తారు. మార్కులు తెస్తే బంగారుతల్లి, ఎదురు చెప్పకపోతే మంచిపిల్ల. పిల్లలు ఆ షరతులను లోపలికి తీసుకుని, పెద్దయ్యాక వాటితోనే తమను తాము కొలుచుకుంటారు. ఎదురుగా ఎవరూ లేకపోయినా కొలత మాత్రం వాళ్లదే. ఆ కొలత ఒకటి చెబుతుంది, రోజూ ఒంటికీ మనసుకీ తెలుస్తున్నది ఇంకొకటి చెబుతుంది. ఈ రెండూ దూరమయ్యేకొద్దీ మనిషికి టెన్షన్ పెరుగుతుందని రోజర్స్ అన్నాడు. లెక్కల్లో మార్కులు, బీకాం, నెల జీతం, ఊళ్లో నాన్నకు గొప్ప. ఇది మీరు కష్టపడి నిలబెట్టుకున్న బొమ్మ. అందులో అబద్ధం లేదు. కానీ సాయంత్రం ఆ పిల్లవాడి పక్కన కూర్చున్నప్పుడు మీకు తెలుస్తున్నది ఆ బొమ్మలో ఎక్కడా లేదు. ‘ఇది స్వార్థమా’ అని అడిగారు చూడండి, అది మీరు అడిగిన ప్రశ్నలా లేదు. ఆ పాత కొలతే మీ చేత అడిగించింది.

ఇలా అన్నానని మీ నాన్నగారిని తప్పు పట్టకండి. రాయలసీమలో నెల జీతం మీద మమకారాన్ని డబ్బు ఆశ అనేవాళ్లకు ఈ నేల సంగతి తెలియదు. కర్నూలు, బళ్లారి, కడప ప్రాంతాలను ఊడ్చేసిన 1876–78 కరువు దగ్గర నుంచి ఇక్కడి ఇళ్లలో భయం తరతరాలుగా దిగుతూ వచ్చింది. అనంతపురం దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి, మీ నాన్నగారి పల్లె ఉన్న వైపూ అంతకన్నా గొప్పేమీ కాదు. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే విత్తనాల అప్పు ఎలా తీర్చాలో ఆలోచిస్తూ ఆయన ఎన్ని రాత్రులు గడిపారో మీరు చూసే ఉంటారు. అలాంటి మనిషి ‘నెల జీతం వదులుకుంటారా తల్లీ’ అన్నప్పుడు అందులో షరతు కన్నా భయం ఎక్కువ ఉంది. భయాన్ని భయంగా వింటే జవాబు చెప్పడం తేలిక.

ఇప్పుడు మీకు కొంచెం ఇబ్బందిగా ఉండే మాట ఒకటి చెప్పాలి. మాస్లో తర్వాతి రోజుల్లో మనిషిని కదిలించే వాటిని రెండు రకాలుగా విడదీశాడు. ఏదో లోటు వల్ల కదలడం ఒకటి, ఎదుగుదల కోసం కదలడం ఇంకొకటి. ఉద్యోగం మారాలనుకునేవాళ్లలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి, మీలోనూ ఉన్నాయి. మేనేజర్ అందరి ముందూ అరవడం గౌరవానికి సంబంధించిన లోటు. 20వ తేదీ నిద్రలేమి కూడా ఆ ఆఫీసు నడిచే తీరు వల్ల వచ్చినదే కావచ్చు. అందుకని ఒకటి ఊహించుకోండి. రేపు ఆ మేనేజర్ బదిలీ అయి మర్యాద తెలిసిన మనిషి వచ్చాడు, ఒక అసిస్టెంట్‌ను ఇచ్చారు, జీతం ఆరు వేలు పెంచారు. అప్పుడు కూడా టీచర్‌గా వెళ్లాలని ఉంటుందా? ‘ఉండదేమో’ అని లోపల అనిపిస్తే మీకు కావలసింది వేరే ఆఫీసులో అకౌంట్స్ ఉద్యోగం. అందులో చిన్నతనం ఏమీ లేదు. రోజూ అవమానం పడుతూ 14 ఏళ్లు పని చేసిన మనిషికి మర్యాద ఉన్న చోటు దొరకడం చాలా పెద్ద సంగతి. గౌరవం దొరకని చోటు నుంచి పారిపోయి కొత్త వృత్తిలో చేరితే, అక్కడి హెడ్మాస్టర్ కూడా అరిచే మనిషి అయిన రోజున మళ్లీ మొదటికి వస్తారు.

అయితే మీ ఉత్తరంలో ఆఫీసు గురించి రాసిన తీరు వేరు, గుండీల గురించి రాసిన తీరు వేరు. ఆఫీసు గురించి రాసింది ఎవరు రాసినా అలాగే ఉంటుంది. గుండీల దగ్గర మాత్రం మీ చేతులు కనిపించాయి. పెద్ద గుండీలు కుట్టడం, సగం దూర్చి వదలడం, మిగతా సగం వాడి చేత లాగించడం. ఇలా చేయమని మీకు ఎవరన్నా చెప్పారో, మీకే తట్టిందో రాయలేదు. పనిని ముక్కలుగా విడగొట్టి చివరి ముక్కను ముందు నేర్పడం స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బాగా వాడే పద్ధతి. చివరి ముక్క పిల్లవాడి చేతిలో ఉంటే, చేసిన ప్రతిసారీ పని తన చేతి మీదుగానే పూర్తవుతుంది. గుండీ బయటికి వచ్చి కూర్చోవడం వాడే చూస్తాడు. మధ్యలో ఓడిపోయి వదిలేసే అవకాశం తగ్గుతుంది. ప్రవర్తనావాదుల దారి చాలదన్న మాట ఇందాక చెప్పాను కానీ, ఈ పద్ధతి వచ్చింది ఆ ప్రవర్తనావాదుల దగ్గర నుంచే, వాళ్ల గొప్ప వాళ్లకు ఇవ్వాలి. నెలన్నరపాటు ఒకే గుండీ దగ్గర విసుగు లేకుండా కూర్చోవడం అందరికీ చేతకాదు. బ్యాలెన్స్ షీట్‌లో తేడా ఎక్కడుందో వరస వరసన వెతికే ఓపికే ఇక్కడ పనికొచ్చిందని నా అనుమానం. ఆ 14 ఏళ్లు వృథా పోయాయని మాత్రం అనుకోకండి.

కానీ అక్క కొడుకు మీద ప్రేమ వేరు, తరగతి నిండా ఉండే ఇతరుల పిల్లలతో పని వేరు. ఈ తేడా ఇంట్లో కూర్చుని తెలుసుకోలేం. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ భవిత కేంద్రాలు ఉన్నాయి. అనుమతి అడిగి ఒక కేంద్రానికి వెళ్లండి. స్వచ్ఛంద సంస్థల స్పెషల్ స్కూళ్లు ఉంటే అక్కడికీ వెళ్లండి. అతిథిలా ఓ పూట చూసి స్వీట్లు పంచి రావడం వల్ల ఏమీ తెలియదు. సెలవు పెట్టి వరసగా కొన్ని రోజులు, మళ్లీ కొన్నాళ్లకు ఇంకొన్ని రోజులు ఉండాలి. కొరికే పిల్లవాడు ఉంటాడు. బట్టలు పాడు చేసుకునే పిల్ల ఉంటుంది. మూడు నెలలు నేర్పింది దసరా సెలవుల్లో మర్చిపోయి వచ్చే పిల్లలు ఉంటారు. ‘మావాడు ఎప్పటికి మామూలు అవుతాడు మేడం’ అని అడిగే తల్లి ఉంటుంది, ఆమెకు నిజం చెప్పాలి. రిజిస్టర్లు, రిపోర్టులు అక్కడా ఉంటాయి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఎలా ఉందో చూసుకోండి. అలసట ఎలాగూ ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. రేపు ఆ పిల్లతో ఇంకోలా ప్రయత్నిస్తే ఎలా ఉంటుందని మనసు తనంతట తాను అటు వెళ్తోందా? రోజర్స్ నమ్మమన్నది ఇలాంటి అనుభవాన్నే. మానవతావాదుల దారిలోనే తర్వాత పని చేసిన ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ ర్యాన్ అనే మనస్తత్వవేత్తలు ఇంకా వివరంగా చెప్పారు. పని మనిషిని పట్టి ఉంచాలంటే అది నా ఇష్టంతో చేస్తున్నానన్న భావన, నాకు చేతనవుతోందన్న నమ్మకం, తోటివాళ్లతో అనుబంధం, ఈ మూడూ ఉండాలన్నారు. అక్కడ ఉన్న రోజుల్లో ఈ మూడింటినీ గమనించండి.

స్వార్థం గురించి అడిగారు. తమ శక్తిని పూర్తిగా వాడుకున్న మనుషులని తనకు తోచినవాళ్లను మాస్లో దగ్గరగా పరిశీలించాడు. వాళ్లలో ఆయనకు కనిపించిన పోలిక ఏమిటంటే, దాదాపు అందరూ తమకు బయట ఉన్న ఏదో ఒక పనిలో మునిగిపోయినవాళ్లే. తన గురించి తాను ఎక్కువ ఆలోచించుకునే తీరిక కూడా వాళ్లకు లేదు. ఐదు గుండీల దగ్గర మీరు ఉన్నది అలాంటి స్థితిలోనే.

ఒక్క దగ్గర మాత్రం ఈ అమెరికా పెద్దలతో నాకు పేచీ ఉంది. వాళ్ల రాతల్లో మనిషి ఎక్కువగా ఒంటరివాడు. లోపలి గొంతు వింటాడు, లేచి వెళ్తాడు. వెనక పిల్లల ఫీజులు, అత్తమామల మందులు, ఉమ్మడి అప్పు అంతగా కనిపించవు. మన ఇళ్లలో ఒకరు వృత్తి మారితే నలుగురి బతుకు మారుతుంది. అందుకని వదిలేయాలా, ఉండిపోవాలా అన్న రెండు దారులే ఉన్నట్టు చూడొద్దు. వదిలేసి వచ్చినవాళ్లు ఉన్నారు. 1969లో అనంతపురంలో పని మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ క్యాథలిక్ మతగురువుల జెసూట్ సంఘం నుంచి బయటికి వచ్చారు, ఆయన భార్య ఆన్ అంతకుముందు జర్నలిస్టు. వాళ్లు నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు స్పెషల్ స్కూళ్లు కూడా నడుపుతోంది. అయితే మీ పరిస్థితికి నాకు ఎక్కువ దగ్గరగా కనిపించేది బళ్లారి రాఘవ గారు. 1880లో మన తాడిపత్రిలో పుట్టారు. వృత్తి ప్లీడరు. బళ్లారిలో కోర్టు పని చేసుకుంటూనే తెలుగు, కన్నడ నాటకరంగంలో మహానటుడు అనిపించుకున్నారు. ఒక పని అన్నం పెట్టింది, ఇంకో పనికి ఆయన ప్రాణం పెట్టారు. రెండిట్లో ఏదో ఒకటి వదులుకుంటేనే నిజాయితీ అని అనుకోనక్కర్లేదు.

కాబట్టి ఇప్పుడే రాజీనామా ఇవ్వకండి. ముందు వచ్చే ఆరు నెలలు ఇంటి ఖర్చు, ఈఎంఐ అంతా షాపు ఆదాయం మీద నడిపి, మీ జీతం ముట్టుకోకుండా వేరే ఖాతాలో వేయండి. నడిస్తే 1,56,000 చేతిలో ఉంటుంది, కోర్సు రోజుల్లో అదే ఆసరా. నడవకపోతే నెలకు ఎంత తక్కువ పడుతోందో కచ్చితంగా తెలుస్తుంది. అప్పుడు గాలిలో భయపడాల్సిన పని ఉండదు, ఆ తక్కువ పడింది ఎలా పూడ్చాలన్నదే ప్రశ్న. మీ చేతిలో విద్య ఉంది. మీ కడప ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల చిన్న షాపుల వాళ్లకు జీఎస్టీ రిటర్నులు వేసి పెట్టేవాళ్లు ఎప్పుడూ కావాలి. నాలుగైదు షాపుల లెక్కలు ఇంటి దగ్గర చూసినా కొంత పూడుతుంది. కోర్సు విషయంలో ఒకటి జాగ్రత్త. స్పెషల్ ఎడ్యుకేషన్ చదువులకు 1992 చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉండాలి. కోర్సుల వ్యవధి, అర్హతల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి కాలేజీ వాళ్ల బ్రోషర్ నమ్మకుండా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు చూసుకున్నాకే ఫీజు కట్టండి. ప్రభుత్వ కేంద్రాల్లో కాంట్రాక్టు ఉద్యోగాలు ఎక్కువ, ప్రైవేటు స్కూళ్లలో మొదట్లో మీ ఇప్పటి జీతం రాకపోవచ్చు. ఈ మాట మీ ఆయన వేరేవాళ్ల నోట వినకముందే మీరే చెప్పండి.

ఆయనతో మాట్లాడేటప్పుడు రోజర్స్ చెప్పిన ఒక నియమం పాటించి చూడండి. ఎదుటివాళ్ల మాటను వాళ్లు ‘అవును, నా ఉద్దేశం అదే’ అని ఒప్పుకునేలా మన నోటితో తిరిగి చెప్పగలిగాకే మన మాట మొదలుపెట్టాలి. అవునూ కాదూ అనని మనిషి దగ్గర ఇది ఇంకా అవసరం. ‘షాపు డల్లుగా ఉన్న నెలలో ఈఎంఐ ఆగితే ఎలా అని మీ భయం, అంతేనా?’ అని అడిగి ఆగండి. వేరే భయం ఏదైనా ఉంటే ఆయనే దిద్దుతారు. మీరు చదువుకు వెళ్తే సాయంత్రం పిల్లల్ని ఎవరు చూస్తారన్నది కావచ్చు, బంధువులు ఏమంటారన్నది కావచ్చు. ఆయన దిద్దింది మళ్లీ మీ మాటల్లో చెప్పండి. అదయ్యాక ఆరు నెలల సంగతి ఎత్తండి. లోను పుస్తకం, షాపు పోయిన సంవత్సరపు అమ్మకాల లెక్క ఇద్దరి ముందూ ఉండాలి. 20వ తేదీ దాటిన తర్వాత వచ్చే ఆదివారం పెట్టుకుంటే ఆ లెక్కలు చూడడానికి మీకూ ఓపిక ఉంటుంది.